కొలత తప్పిన మందు

"గుండు ఎయ్యలేదు మేడమ్. ఉత్త మందే పేల్చినా."

పొద్దున్నుంచి జాకబ్ ఇదే మాట చెబుతున్నాడు. బోడిగుట్ట స్టేషన్‌లో ఆ మాట నమ్మిన మనిషి వాడి తల్లి ఒక్కతే. తల్లి నమ్మకం కోర్టులో చెల్లదు.

ఎస్సై మహేశ్వరి మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వింది. అబద్ధం చెప్పేవాడు రెండోసారికి ఒక మాట కలుపుతాడు, ఇంకోసారికి ఒక మాట మింగుతాడు. వీడు కలపడం లేదు, మింగడం లేదు.

ఆమె ముందు బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి జాకబ్ నాటు తుపాకి. మూతిలోంచి మందు పోసి, ఇనుప కడ్డీతో దట్టించి పేల్చే రకం. రెండోది చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో ఉన్నది పోస్టుమార్టంలో బయ్యన్న రొమ్ములోంచి తీసిన సీసం గుండు.

బయ్యన్న పెద్ద రైతు. తన వేరుశనగ చేలో అడవి పందులు పడకుండా రాత్రి కావలికి జాకబ్‌ను పెట్టుకున్నది ఆయనే. నిన్న తెల్లారేసరికి ఆ చేలోనే చచ్చిపడి ఉన్నాడు. చేలో తుపాకి ఉన్నది జాకబ్ చేతిలో. పేల్చిన మాట జాకబే ఒప్పుకుంటున్నాడు. ఇంక విచారించడానికి ఏముందని ఊరంతా అంటోంది.

"ఎట్ల దట్టిస్తావో చెప్పు," అంది మహేశ్వరి.

"మీకెందుకు మేడమ్ అది?"

"మా నాయన కూడా యాడికి ఊరి పక్కన పందుల కావిలున్నోడే. నేను ఆ మంచె మీద నిద్రపోయి పెరిగినదాన్ని. చెప్పు."

జాకబ్ తలెత్తాడు. బేడీలున్న చేతిని చాపి, అరచెయ్యి గుంట చేసి చూపించాడు.

"పందిని కొట్టాలంటే గుండు ఈడ పెట్టి, అది మునిగేదాకా మందు పొయ్యాల. అంతే కొలత. బెదిరించేదానికైతే అందులో సగం చాలు. పైన పాతగుడ్డ కుక్కి దట్టిస్తా. నిండు కొలత పోస్తే ఈ గొట్టం నిలబడదు మేడమ్. నా మొగం మీదనే పగులుతాది."

"గుండ్లు యాడుండాయి?"

"డబ్బాలో ఉండె. వారం నుంచి కనపల్లేదు."

"నేనే తీసినా!"

ఆ కేక గుమ్మం దగ్గరనుంచి వచ్చింది. జాకబ్ తల్లి సువార్త. కూలికి పోయే మనిషి, పలుచటి ఒళ్లు. నిన్నట్నుంచి స్టేషన్ వసారా వదిలి కదలలేదు.

"నేనే తీసి ఎండిపోయిన బోరుగుంతలో ఏసినా మేడమ్. వాడు చీకట్లో ఎవురినన్నా కొడతాడేమో, పందనుకోని మనిషిని కొడతాడేమో అని రోజూ భయమే నాకు. గుండు లేకుంటే ఏం కాదు గదా అనుకున్నా."

"నువ్వా?" అన్నాడు జాకబ్. "నాకొక మాట చెప్పొద్దా అమ్మా? ఆ రాత్రి పంది మీదికొచ్చింటే ఏంది నా గతి?"

"చెప్తే నువ్వు ఇంటావా?"

"సాక్ష్యం మాయం చేసినావంటే నీక్కూడా రెండేండ్లు పడతాది తెల్సునా?"

ఈసారి మాట సీఐ విష్ణువర్ధన్‌ది. ఎప్పుడొచ్చాడో, సువార్త వెనకాలే నిలబడి ఉన్నాడు. ఆమె పక్కకు జరగడానికి కూడా భయపడి గోడకు అతుక్కుపోయింది. ఆయన లోపలికి వచ్చి జాకబ్ తుపాకిని ఒక వేలితో తోశాడు.

"ఏం మహేశ్వరీ, తుపాకి పాఠాలు నేర్చుకుంటాండావా? బయ్యన్న బంధువులు రోడ్డు మీద కూచ్చున్నారు. బస్సులు ఆగిపోయినాయి. వీణ్ణి ఇంకా కోర్టుకు పంపలే."

"సార్, గుండు చూడండి." మహేశ్వరి డబ్బా మూత తీసింది. "నాటు తుపాకి గుండు గోలీ మాదిరి ఉంటాది. ఇది పొడుగ్గా ఉండాది, కొన తేలి ఉండాది. కింద బోలు. పక్కల మూడు ఏటవాలు గీట్లు. జాకబ్ గొట్టం లోపల నున్నగా ఉండాది. ఈ గీట్లు యాడినుంచి వచ్చినాయి?"

"ఎముకకు రాసుకోని వచ్చినాయి."

"ఎముక మూడు గీట్లు సమంగా గీస్తాదా సార్? స్కేలు పెట్టుకోని?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. విష్ణువర్ధన్ మొహం కందింది.

"ల్యాబు వాళ్లకు తెలివి లేదని నీ కాడికి పంపినారా ఏంది? రిపోర్టు వచ్చినప్పుడు చూస్తాం. మూడు గంటలకు జీపు కదలాల. కదలకుంటే ఎవురు ఆపినారో నేను ఎస్పీకి చెప్తా."

ఆయన వెళ్లిపోగానే సువార్త వచ్చి మహేశ్వరి చెయ్యి పట్టుకుంది.

"పంపొద్దు మేడమ్. దారిలో ఏమన్నా చేస్తారు. పారిపోతాండె, అందుకే కాల్చినామంటారు. టీవీలో ఎన్ని చూడలేదు నేను."

"అట్ల జరగదమ్మా."

"మీకేం తెల్సు? మీరు రారు గదా వాడెంట!"

మహేశ్వరి హెడ్ కానిస్టేబుల్ కుళ్ళాయప్ప వైపు చూసింది. జాకబ్‌కు బన్ను, టీ తెచ్చి పక్కన పెడుతున్నాడు. ఆరేళ్ల కింద ఆమె ఈ స్టేషన్‌లో చేరిననాడు రైఫిలు విప్పి మళ్లీ బిగించడం నేర్పింది ఆయనే. ఆమె నాయన పోయినప్పుడు సొంతవాళ్లు రాకముందే వచ్చి పాడె మోసిందీ ఆయనే.

"కుళ్ళాయప్పన్న పోతాడు వాడెంట," అంది. "నా తోడబుట్టినోడు పోయినట్లే అనుకో."

"నా బిడ్డను తీసుకపోయినట్ల తీసుకపోతా అక్కా," అన్నాడు కుళ్ళాయప్ప. "ముందు నువ్వు ఇంత కూడు తిను. తలతిరిగి పడితే నిన్నెవురు సూస్తారు?"

సువార్త ఆయన కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన వెనక్కి జరిగాడు.

*

గుండు ఉన్న డబ్బాను జేబులో వేసుకుని మహేశ్వరి బైకు మీద చేనికి వెళ్లింది.

మంచె చేనికి తూర్పు గట్టున ఉంది. దాని ముందు మొక్కల్లో కాలిన గుడ్డపేలికలు దొరికాయి. జాకబ్ తుపాకిలో కుక్కిన పాతచీర ముక్కలవి. మంచెకు అంత దగ్గర్లోనే చెదిరి పడ్డాయంటే మందు తక్కువ పోశాడన్నమాట. అంతవరకు వాడు చెప్పింది నిజం.

శవం పడిన చోటు పడమటి గట్టున, గుట్ట వైపు. పిండిముగ్గుతో వేసిన గీత ఇంకా ఉంది. ఆమె ఆ గీతలో నిలబడి చూసింది. గుండు రొమ్ములో తగిలింది. బయ్యన్న వెల్లకిలా పడ్డాడు. ఆయన మొహం గుట్టకు ఉంటే మంచె వీపు వెనకాల ఉంటుంది. మొహం మంచెకు ఉంటే మనిషి గట్టు అవతలి పల్లంలోకి పడాలి. పడింది ఇవతల, చేలోకి.

వీపు వెనకాల ఉన్నవాడు రొమ్ములో ఎలా కొడతాడు?

ఆమె తిన్నగా గుట్ట మొదలుకు నడిచింది. ఒక బండ చాటున రాతి మీద నల్లటి పొగమరక ఉంది. మరక కిందనే, రాతి సందులో, నల్లటి గింజలు. చిటికెడు కాదు, దోసిలికి వచ్చేంత ఒలికింది. అగ్గిపుల్ల గీసి నాలుగు గింజలు దూరంగా వేసి అంటించింది. భగ్గుమన్నాయి.

కావలివాడు ఎవడూ మందు ఇలా నేలపాలు చేయడు. దొంగచాటుగా తెచ్చుకునే సరుకు, ప్రతి గింజకూ ప్రాణం ఉన్నట్టు చూసుకుంటాడు. ఇది చేతికి వచ్చినంత పోసినవాడి పని. తుపాకి ఎరిగినవాడు కాదు.

మరి ఎరగనివాడి చేతికి ఏ తుపాకి వచ్చింది?

*

బయ్యన్న ఇల్లు చేనికి ఆనుకునే ఉంది. ఆయన భార్య వనజాక్షి గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లను మహేశ్వరి బయటికి పంపింది.

"అమ్మా, మీ ఇంట్లో తుపాకి ఉండాదా?"

"ఉంటే? నేను కాల్చినానంటావా?" వనజాక్షి గొంతు గీరుకుపోయింది. "నిన్న ఒకడొచ్చి జాకబ్బే అన్నాడు. ఈ దినం నువ్వొచ్చి నేనంటావు. రేపు ఇంకెవురు?"

మహేశ్వరి డబ్బా తెరిచి ఆమె అరచేతిలో గుండు పెట్టింది.

వనజాక్షి దాన్ని చూసి, తిప్పి, మళ్లీ చూసింది.

"ఇది మా తుపాకిది. వాళ్ల తాతది. తెల్లోళ్ల కాలం నాటిది. గొట్టం లోపల మెలిక గాడి ఉంటాది. ఈ జిల్లాలో ఇంకెవురికాడా ఉండదు." ఆమె గుండు అడుగును గోటితో తట్టింది. "ఈ బోలు చూడు. పేలినప్పుడు ఈ అంచు పావడా మాదిరి విచ్చుకోని గాడికి పట్టుకుంటాది. గుడ్డా గిడ్డా ఏం చుట్టే పని లేదు, మైనం రాసి జారవిడిస్తే చాలు. అచ్చులో నేనే పోసేదాన్ని. ఆయన కంటికి చత్వారం వచ్చినాక."

"ఒకపక్క చిరిగి ఉండాది గదమ్మా."

"అదే. మందు ఎక్కువైతే ఇట్ల చిరుగుతాది. చిరిగితే గుండు గురి తప్పుతాది. తగలాల్సింది కాదు, ఆయన రాత బాగలేక తగిలింది." ఆమె లేచి మేకుకు వేలాడుతున్న ఇత్తడి గొట్టం తెచ్చింది, బొటనవేలంత పొడవు. "మందుకు కొలత ఇది. దీని నిండా పోసి తలగొట్టాల. రవ్వంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా మామ చచ్చేముందు దీన్ని ఆయన చేతిలో పెట్టినాడు."

"కొలత ఈడుంటే తుపాకి యాడుండాదమ్మా?"

వనజాక్షి ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మీకాడే గదా! పంచాయతీ ఎలక్షన్లని తుపాకులన్నీ స్టేషన్లో ఇచ్చేయమంటిరి గదా. తుపాకి, గుండ్ల సంచి రెండూ ఇచ్చొచ్చినాడు. కొలత మాత్రం ఇయ్యలే. తాత చేతిది, పోగొడతారని."

మహేశ్వరికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమె తన చేత్తో తీసుకుని తన చేత్తో గది తాళం వేసిన తుపాకి.

"ఇంకోటి చెప్తా విను," అంది వనజాక్షి. "మొన్న వారంలో గుట్టలో తుపాకి పేలింది. ఆయన అన్నం కాడినుంచి లేచినాడు. 'ఇది మా తాతది' అన్నాడు. అదేందప్పా, అది స్టేషన్లో ఉండాది గదా అన్నా. 'పొలంలో మా ఎద్దు రంకేస్తే నాకు తెలీదా? ఇదీ అంతే' అన్నాడు. స్టేషన్లో పెట్టిన తుపాకులు తీసుకోని పందులు, జింకలు కొట్టి పెద్ద సార్లకు విందులు చేస్తాండారంట. ఎస్పీ కాడికి పోతానన్నాడు. ముందు స్టేషన్లో మనోడు ఒకడుండాడు, వాడికి చెప్పి చూస్తా, మర్యాదగా మానుకుంటారని పోయొచ్చినాడు. నిన్న చీకటితోనే లేచి, 'ఇయ్యాల వాళ్లు వస్తారు, కండ్లారా చూసి పట్టుకుంటా' అని గుట్ట తట్టు పోయినాడు."

"ఎవురికి చెప్పినాడు?"

"పేరు చెప్పలే. మనోడే అన్నాడు."

పెద్ద సార్లకు విందులు. జీపు కదలాలని తొందరపెట్టిన విష్ణువర్ధన్ మొహం మహేశ్వరి కళ్ల ముందు నిలిచింది. బైకు ఎక్కుతూ టైము చూసుకుంది. మూడు దాటింది. జాకబ్‌ను పంపేసి ఉంటారు. పోనీలే, కుళ్ళాయప్పన్న ఉన్నాడు తోడు అనుకుంది. ఆ ఒక్క ధైర్యంతోనే దారంతా బైకు నడిపింది.

*

ఆయుధాల గదిలో బయ్యన్న తాత తుపాకి తన చోట్లోనే, తన చీటీతోనే ఉంది. పైన దుమ్ము లేదు. పక్కనున్న తుపాకులన్నిటి మీదా ఉంది.

ఆమె కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి గొట్టంలోకి దించి, తిప్పి లాగింది. గుడ్డ మీద ముందు నూనె, నూనె కింద మసి, మసి కింద ఎర్రటి తుప్పు. కుళ్లిన గుడ్డు వాసన.

"ఈడేం చేస్తాండావు?" విష్ణువర్ధన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సార్, మీరు తిన్న అడివిపంది కూర ఈ తుపాకితో కొట్టిందే."

ఆయన చూపు తుపాకి మీదికి పోయింది.

"తిన్నా. రెండుసార్లు తిన్నా. ఎవురు కొట్టినారని అడగలే. అడక్కపోవడం తప్పే. అంతమాత్రాన బయ్యన్నను నేను చంపినానంటావా?"

"తుపాకి ఈ గదిలోంచి పోయి, మళ్లీ ఈ గదికే వచ్చింది."

"అయితే నన్నెందుకు అడుగుతావు? ఈ గది తాళం నా కాడ ఉంటాదా? నీ కాడ ఉంటాది! ఎస్పీ ముందు నిలబడితే మొదట నీ ఉద్యోగం పోతాది. చూసుకో."

తాళం. మహేశ్వరి నడుముకున్న గుత్తిని తడుముకుంది. అక్కడే ఉంది, రాత్రి కూడా దిండు కిందే ఉంది. రెండో తాళం...

ఆమె చేతిలోని గుడ్డను మళ్లీ చూసింది.

ఈ మందు పేల్చినవాడెవడైనా గొట్టాన్ని మొదట వేడినీళ్లతో కడుగుతాడు. బావులెండిపోయిన ఏడాది కూడా ఆమె నాయన తాగే బిందెలోంచి చెంబెడు తీసి కాచి గొట్టం కడిగేవాడు. అమ్మ తిట్టేది. నీళ్లు తగలకపోతే ఈ మందు మసి రెండు రోజుల్లో ఇనుమును తినేస్తుంది. పైన ఎంత నూనె పూసినా అంతే. కావలివాళ్ల ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇక్కడ నీటి చుక్క తగల్లేదు. నూనె, ఫ్లానెల్ గుడ్డ, మళ్లీ నూనె. పోలీసు రైఫిలు శుభ్రం చేసే పద్ధతి. తుపాకి అంటే సర్కారు రైఫిలొక్కటే తెలిసినవాడు, ఎంతో శ్రద్ధగా, ఒక్క వరస తప్పకుండా చేసిన పని.

ఆ వరస ఆమెకు నేర్పిందెవరు?

"రెండో తాళం," అంది. "కుళ్ళాయప్పన్న కాడ ఉంటాది సార్."

విష్ణువర్ధన్ మొహంలో కోపమంతా దిగిపోయి భయం మిగిలింది. "వాడు... వాడే అడిగినాడు నన్ను. జాకబ్బును తొందరగా పంపండి సార్, గొడవ సద్దుమణుగుతాది అని."

మనోడే అన్నాడు బయ్యన్న. నా తోడబుట్టినోడే అంది తను. ఇద్దరూ ఒకే మనిషిని నమ్మారు. ఒకడు చేలో పడి ఉన్నాడు. తను నమ్మి ఇంకొకరి బిడ్డను ఆ చేతుల్లోనే పెట్టింది. జాకబ్ బతికి కోర్టులో నోరు తెరిస్తే గుండు గీట్ల మాట వస్తుంది. చస్తే కేసు వాడితోనే మూసుకుపోతుంది.

ఫోను తీసింది. కుళ్ళాయప్ప ఫోను స్విచ్చాఫ్. జీపు డ్రైవర్ ఓబిలేష్‌కు కలిపింది. స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది.

"యాడుండారు?"

"గుట్ట దారిలో మేడమ్. మెయిన్ రోడ్డులో ధర్నా ఉందని అన్న ఇట్ల తిప్పమన్నాడు."

"జాకబ్ యాడ?"

"ఒంటికి పోతానంటే దింపినాడు. బేడీలు తీసినాడు. నన్ను జీపు మలుపు దాటించి పెట్టమన్నాడు. నాకేందో ఇది బాగలేదు మేడమ్, మలుపు కాడే ఆపేసినా."

"కనపడతాండారా?"

"ఆ. పిల్లోనికి ఏందో చెప్తాండాడు. గుట్ట తట్టు చెయ్యి చూపిస్తాండాడు... పో అంటాండాడు మేడమ్. పారిపో అన్నట్ల."

మహేశ్వరి నోరు తెరిచేలోపల ఒక చెయ్యి ఆమెను పక్కకు నెట్టింది. సువార్త ఎప్పుడు గదిలోకి వచ్చిందో ఎవరూ చూడలేదు. బల్ల మీదికి వంగి, ఫోనును రెండు చేతులా పట్టుకుని అరిచింది.

"ఓబిలేషూ! స్పీకరు పెట్టి వాళ్ల కాడికి పరిగెత్తు నాయనా! ఒరే జాకబూ! పరిగెత్తొద్దురా! ఒక్క అడుగు కూడా ఎయ్యొద్దు! కూచ్చో, ఆడనే నేల మీద కూచ్చో! రెండు చేతులు ఎత్తి కూచ్చో!"

ఫోనులో చెప్పుల చప్పుడు, ఓబిలేష్ ఆయాసం. సువార్త అరుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. విష్ణువర్ధన్ తన జీపు వైపు పరుగెత్తాడు. బయట ఇంజను మోగింది. మహేశ్వరి సువార్త పక్కనే ఫోను మీదికి వంగింది.

చప్పుడు ఆగింది. గాలి వీస్తున్న శబ్దం. చాలా దూరంనుంచి, సన్నగా, జాకబ్ గొంతు వచ్చింది.

"కూచ్చున్నా అమ్మా. ఈయప్ప లెయ్యమంటాండాడు."